అల్లుడుగారి ఫిట్‌నెస్

జూన్ 2

డాక్టరు రోజూ నాలుగు లైన్లు రాయమన్నాడు. ఏం రాయాలో చెప్పలేదు. నా అక్షరాలు రోజురోజుకీ చిన్నవవుతున్నాయేమో ఆయన చూడాలట. ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా బతికినవాణ్ణి. నేను చేత్తో గీసిన గీత పక్కన స్కేలు పెట్టి చూసి, తప్పు స్కేలుదేమో అని అనుమానపడిన ఇంజనీర్లున్నారు. అలాంటివాడికి చేతిరాత పరీక్ష. చేపపిల్లకి ఈత నేర్పడమంటే ఇదే.

ఆయనకి చూపించడానికి వేరే నోటుబుక్కు పెట్టాను. అందులో "నేను కులాసా, మీరు కులాసా అని తలుస్తాను" అని రోజూ నాలుగుసార్లు రాసి పడేస్తాను. ఇది మాత్రం నాది. ఎవరికీ చూపించేది కాదు.

జబ్బుకి ఏదో పేరు కూడా చెప్పాడు. ఎప్పుడో చచ్చిపోయిన ఎవరో పెద్దమనిషి పేరు. నాకొచ్చిన జబ్బు కూడా సెకండ్ హ్యాండేనన్నమాట. నిజానికి జబ్బేం లేదు. కుడిచెయ్యి కాస్త వణుకుతుంది, అంతే. అదీ కాఫీ తాగేటప్పుడే. ఈమధ్య కప్పులు మరీ బరువుగా చేస్తున్నారు.

జూన్ 3

లైసెన్సు జూలై 31తో అయిపోతుంది. అరవై ఐదు దాటినవాళ్లు మెడికల్ బోర్డు ముందు నిలబడి కాగితం తెచ్చుకుంటేనే మళ్లీ ఇస్తారు. కారు ఫిట్‌నెస్ గడువూ ఆ నెల్లోనే. ఇద్దరికీ ఒకే నెలలో పరీక్షలు.

కారంటే అలాంటిలాంటి కారు కాదు. పూర్వం మా కంపెనీ ఛైర్మన్ తిరిగిన కారు. తోలు సీట్లు, చెక్క పలకల డాష్‌బోర్డు, వెనక కూర్చున్నవాళ్లకి కూడా మూతున్న యాష్‌ట్రే. ఆయన కొత్తది కొనుక్కున్నప్పుడు ఇది నాకు దక్కింది. వచ్చి పన్నెండేళ్లు, పుట్టి ఇరవై రెండేళ్లు. మా ఆవిడ దాన్ని "అల్లుడుగారు" అంటుంది. మాకు ఆడపిల్ల లేదు. ఆ మాటకొస్తే మగపిల్లాడూ లేడు. అయినా నెలకోసారి అలిగి, ఏదో ఒకటి కొనిపెట్టందే కదలని ప్రాణి ఇంట్లో ఒకటి ఉంది కాబట్టి అల్లుడు లేని లోటు తీరిందంటుంది.

ఇవాళ భోజనాల దగ్గర తీర్పు చెప్పింది.

"మీరూ, అల్లుడుగారూ ఇద్దరూ పాసైతే హాయిగా తిరగండి. ఏ ఒక్కరు తప్పినా బండి తుక్కు కొట్టుకే. మా తమ్ముడికి తెలిసినవాడున్నాడు."

"సరే," అన్నాను. "రాసిస్తావా?"

"రాసేదేముంది? నర్సు నోటి మాట చాలు."

ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో రోగుల మీద చెలాయించిన నోరు. రిటైరైనా పదును తగ్గలేదు.

కారులో చెయ్యాల్సిన పనుల జాబితా రాసుకున్నాను. ఇంజను వణుకు. నూనె మాడిన వాసన. పొద్దున్నే వెనకభాగం కిందికి దిగిపోవడం. పాత అద్దాల కాలం పోయింది గనక రివర్స్ కెమెరా ఒకటి. ఎడమ వెనక తలుపు మీద గీత.

ఆ గీత మా గేటు స్తంభం గీసింది. అప్పుడు స్టీరింగు మా ఆవిడ చేతిలో ఉంది. కారు కొన్న కొత్తలో మాట. నేనేమీ అనలేదు.

జూన్ 5

వీధి చివరి మెకానిక్ తన కంప్యూటర్ తెచ్చి స్టీరింగు కింద వైరు గుచ్చాడు.

"సార్, పదిహేడు తప్పులు చూపిస్తోంది."

"నాకు డాక్టరు ఒక్కటే చూపించాడు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "బండి నా దగ్గర వదిలెయ్యండి సార్, నెల రోజుల్లో చేసిస్తా" అన్నాడు. నెల రోజులట. వాడి షెడ్డులో అప్పటికే ఒక కారు మీద బూజు పట్టి ఉంది. నేనే చేసుకుంటాను. వీడియోలున్నాయి, మాన్యువల్ ఉంది, పనిముట్లున్నాయి, చేతులున్నాయి.

జూన్ 9

ఇంజను మీది ప్లాస్టిక్ కప్పు విప్పాను. పైన పటారం, లోన లొటారం. లోపల నూనె చెమటలు పట్టి ఉంది. మూత కింద రబ్బరు ప్యాకింగ్ ఎండి అప్పడంలా విరుగుతోంది. అదీ మార్చాలి, ప్లగ్గులూ, వాటికి కరెంటు అందించే కాయిళ్లూ మార్చాలి.

పెద్ద సమస్య బోల్టులది. ఒక్కొక్కటి ఒక్కో పొడుగు. ఎక్కడిది అక్కడే వెయ్యాలి. వరస తప్పితే అంతే సంగతులు. దీనికి డాక్టరు ఇచ్చిన మందుల డబ్బా చక్కగా పనికొచ్చింది. ఏడు రోజులు, పొద్దున-సాయంత్రం, పద్నాలుగు గదులు, ఒక్కోదానికి మూత. సోమవారం పొద్దున గదిలో ముందు వరస బోల్టులు, సాయంత్రం గదిలో రెండో వరస. ఇంత మంచి డబ్బాని మాత్రల పాలు చెయ్యడం అన్యాయం.

మాత్రలు ఎక్కడికీ పోవు. భద్రంగా ఒకచోట పెట్టాను. ఎలాగూ అవి వేసుకుంటే నోరెండిపోతోంది.

జూన్ 10

బోల్టు కింద పడింది. ఈ కంపెనీవాళ్లు బోల్టులు మరీ నున్నగా చేస్తారు.

జూన్ 11

రెండుసార్లు పడింది. చేతికి నూనె.

జూన్ 12

చేతులు సబ్బుతో కడుక్కుని పట్టుకున్నాను. పడింది. సబ్బు జారుడు కదా.

జూన్ 14

ఇవాళ ఘనకార్యం జరిగింది. కాయిల్ బోల్టు ఒకటి చేతిలోంచి జారి సరాసరి ప్లగ్గు ఉండే బావిలోకి దూకింది. ఇంత పెద్ద ఇంజనులో దానికి వేరే చోటే దొరకనట్టు. ప్లగ్గు ఇంకా విప్పలేదు కాబట్టి దాని నెత్తి మీద ఆగింది. విప్పి ఉంటే ఇంజను కడుపులోకే. అయస్కాంతం పెట్టాను, అంటుకోదు. అల్యూమినియం బోల్టట. తేలికని వేశారట. తీగ వంచి పెట్టాను. మరింత లోపలికి దిగింది. గంటన్నర అలా గడిచింది.

మా ఆవిడ వెనక ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. లోపలికెళ్లి ఒక పొడుగాటి ఫోర్సెప్స్ తెచ్చింది. గొంతులో ముల్లు ఇరుక్కున్నవాళ్లకి వాడేదట. ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చెయ్యి బావిలోకి దించి, ఊపిరి కూడా బిగబట్టకుండా బోల్టు పైకి తీసింది. పది సెకన్లు పట్టి ఉంటుంది. నా అరచేతిలో పెట్టింది. అది నా అరచేతిలో కాసేపు గంతులేసింది.

"నున్నటి బోల్టు," అన్నాను.

"అవును పాపం. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట ఎవరో," అని వెళ్లిపోయింది.

ఆవిడ చేతులు ఎప్పుడూ అంతే. సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదట.

జూన్ 20

అయిపోయింది! కొత్త ప్యాకింగ్, కొత్త ప్లగ్గులు, కొత్త కాయిళ్లు. ఒకసారి విప్పిన బోల్టులు మళ్లీ వెయ్యకూడదట, పాతవి డబ్బాలోనే ఉంచి వాటి పొడుగులు చూసి కొత్తవి వేశాను. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. స్టార్ట్ చేస్తే ఇంజను ఉందా లేదా అన్నట్టుంది. మా ఆవిడని పిలిచి, ఆడుతున్న ఇంజను మీద గ్లాసుడు నీళ్లు పెట్టి చూపించాను. నీళ్ల మీద చిన్న అల కూడా లేదు.

"చూశావా? వణుకు పోయింది."

"పోయింది," అంది.

గ్లాసు తియ్యబోతే నీళ్లు చొక్కా మీద ఒలికాయి. ఆ గ్లాసు అంచు సరిగా లేదు. ఎప్పటినుంచో పారెయ్యమంటున్నాను.

ఆవిడ కొంగుతో నా చొక్కా తుడిచింది. ఏదో ఒకటి అంటే బాగుండును.

జూన్ 27

ఈ కారుకి వెనక స్ప్రింగులుండవు, గాలి బుడగలుంటాయి. రాత్రికి గాలి కారిపోయి పొద్దున్నే వెనకభాగం నేలకి ఆనుకుని కూర్చుంటుంది. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి "అల్లుడుగారు ఇంకా లేవలేదా?" అని అడుగుతుంది. సబ్బు నీళ్లు పూసి చూస్తే ఎడమ బుడగ మడతలో నురగ లేచింది. కొత్త బుడగ వేశాను. మూడు రోజులు పట్టింది. కింద పడుకోవడం సులువే. లేవడమే కష్టం. మెడ, నడుము, అన్నీ ఒకేసారి సమ్మె చేస్తాయి.

మూడో రోజు ఆవిడ చెయ్యిచ్చి లేపింది. "మీకూ ఒక బుడగ ఆర్డర్ పెట్టండి," అంది.

జూలై 1

రివర్స్ కెమెరా వచ్చింది. నాకు మెడ తిరగకపోవడం వల్ల కొన్నానని బావమరిది అంటున్నాడు. ఇళ్లు అమ్మిపెట్టే మనిషి, నోరు ఊరుకోదు. "బావగారూ, ఆ తెర మీద చూసుకుంటూ వెనక్కి వెళ్లే బదులు, అదేదో తుక్కు కొట్టుదాకా ముందుకే పోనిస్తే సరిపోద్ది కదా!" అని పెద్ద జోకు వేసినట్టు నవ్వాడు. కాలం మారింది, అందరూ పెట్టుకుంటున్నారు, నేనూ పెట్టుకుంటున్నాను. మెడకి సంబంధం లేదు.

జూలై 4

కెమెరా పనిచేస్తోంది. కాకపోతే వైపర్ వేసినప్పుడల్లా వెనక ఎవరో ఉన్నారని కీచుమని అరుస్తోంది. ఎక్కడో ఒక వైరు తప్పు కలిపాను. సన్నటి వైర్లు, రెండు కొసలు ఒకదానికొకటి ఎదురుపడవు. ఎంతసేపు పట్టుకున్నా ఎదురుపడవు.

మా ఆవిడే వచ్చి కలిపింది. నేను పట్టుకోలేక కాదు. కళ్లజోడు తుడవలేదు.

డాక్టరు నోటుబుక్కులో ఇవాళ్టి "కులాసా" మొదటి రోజు "కులాసా"లో సగమే ఉంది. పెన్ను మార్చాలి.

జూలై 8

గీత పని మొదలుపెడదామని పాలిష్ డబ్బా, సన్నటి ఉప్పుకాగితం తెచ్చుకున్నాను. ఎడమ వెనక తలుపు మీద మూరెడు పొడుగుంది. పన్నెండేళ్లయినా లోపలి తెల్లటి పూత కనబడుతూనే ఉంది.

మా ఆవిడ ఎప్పుడూ ఆ తలుపే తీసుకుని ఎక్కుతుంది. ముందు సీట్లో నా పక్కన కూర్చోదు. వెనక, ఎడమవైపు, ఛైర్మన్ గారు కూర్చున్న చోట. హోదా అలవాటైందని అందరితో జోకులేస్తుంటాను. ఆ రోజు నుంచే అలవాటైంది.

ఆ రోజు ఒక్క మాట అన్నాను. అంతకంటే ఏమీ లేదు. ఎవరైనా అంటారు. కొత్త కారు కదా.

కాగితం తడిపి గీత మీద పెట్టాను. చెయ్యి అటూ ఇటూ పోయింది. చుట్టుపక్కల బాగున్న రంగు కూడా పోతుందని ఆపేశాను. ఉండనీ, తర్వాత చూద్దాం.

జూలై 13

పాస్! అల్లుడుగారు పాస్! బ్రేకులు భేష్, పొగ భేష్, లైట్లు భేష్. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి, "ఈ వయసు బండి ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూళ్లేదండీ. ఎవరు చేశారు?" అని అడిగాడు. "నేనే," అన్నాను. కాగితం మీద ముద్ర ఠపీమని వేశాడు. పదిహేడు తప్పుల బండి! పన్నెండేళ్లలో ఇంత గర్వంగా ఎప్పుడూ ఇంటిదారి పట్టలేదు.

దారిలో వెనక సీట్లోంచి ఏదో మూత చప్పుడు వినబడింది. అద్దంలో చూశాను. మా ఆవిడ తన పక్కనున్న యాష్‌ట్రే మూత తెరిచి లోపలికి చూస్తోంది. మా ఇంటా వంటా సిగరెట్టు లేదు, అది ఎవరూ తెరవరని కదా నేను అందులో పెట్టింది. అది ఆవిడ సీటు పక్కనే ఉంటుందన్న సంగతి ముప్పై నాలుగేళ్లు ప్లాన్లు గీసిన బుర్రకి తట్టలేదు.

నెల పైచిలుకు మాత్రలు. తెల్లవి, పసుపువి. నిండిపోయి మూత సరిగా పడటం లేదు కూడా.

ఇల్లు చేరేదాకా ఆవిడ వాటిని లెక్కపెడుతూనే ఉంది. నేను తేలు కుట్టిన దొంగలా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

జూలై 14

పొద్దున లేచేసరికి మందుల డబ్బా బల్ల మీద ఉంది. అందులో నేను విప్పి ఉంచిన పాత బోల్టులు లేవు. గదికి రెండేసి మాత్రలున్నాయి. బోల్టులన్నీ ఆస్పత్రి స్టీలు ట్రేలో వరసగా, దేని కింద దానికి ప్లాస్టరు ముక్క, దాని మీద ఆవిడ దస్తూరీ: "మూత, ముందు", "మూత, వెనక", "కాయిల్ 1". ఒక్కటి కూడా తప్పు లేదు. ఏ బోల్టు ఎక్కడిదో ఆవిడకెలా తెలుసు? ఈ నెలంతా కిటికీలోంచి చూస్తూనే ఉందన్నమాట.

"తిట్టవా?" అని అడిగాను.

"రోగుల్ని తిట్టకూడదు," అంది. "నోరు తెరవండి."

జూలై 21

వారం రోజులుగా వేళకి వేసుకుంటున్నాను. నోరెండిపోతోంది. నిన్న సాయంత్రం షర్టు గుండీలు మొదటిసారికే పట్టాయి. ఊరికే రాస్తున్నాను. రేపు బోర్డు.

జూలై 22

ముగ్గురు డాక్టర్లు. కళ్లు చూశారు, చెవులు చూశారు, కాలితో పెడల్ తొక్కమన్నారు. అన్నీ బాగానే అయ్యాయి. చివర్లో ఒకావిడ తెల్ల కాగితం, పెన్సిలూ ఇచ్చి, "లోపల్నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా గీయండి. బల్లకి చెయ్యి ఆనించకూడదు," అంది.

నవ్వొచ్చింది. చుట్టలు! నాకు! కంపాస్ మర్చిపోయిన రోజున నన్ను పిలిచి వృత్తాలు గీయించుకునేవాళ్లు. పెన్సిల్ మొన చూసుకున్నాను, మొద్దుగా ఉందని చెక్కించుకున్నాను కూడా. అంత ధీమా.

గీశాను.

కోడి గెలికినట్టుంది. మొదటి చుట్టకే పెన్సిల్ నా మాట వినలేదు. నేను మధ్యలో ఆపితే ఆవిడ "పూర్తిచెయ్యండి" అంది. పూర్తిచేశాను. ఈ చేత్తో నేను గీసిన మేడలు ఎన్నో నిలబడి ఉన్నాయి. ఆ కాగితం మీది గీత నేను గీసిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అది నాదే. కింద నా సంతకం కూడా పెట్టించుకున్నారు.

"మందులు మొదట్నుంచీ సరిగా వాడుంటే వేరేగా ఉండేదేమో. ఆరు నెలలు వాడి మళ్లీ రండి," అంది ఆవిడ. మెత్తగానే అంది. కాగితం మీద మాత్రం మెత్తగా లేదు. "ప్రస్తుతం వాహనం నడపడానికి చేతులు పనికిరావు."

అల్లుడు పాస్, మామ ఫెయిల్.

జూలై 23

చేతులు పనికిరావు.

జూలై 24

చేతులు పనికిరావు. ఈ మాట ఎక్కడో విన్నానని నిన్నంతా అనుకున్నాను. వినలేదు. నేనే అన్నాను.

పన్నెండేళ్ల కిందట, కారు కొన్న కొత్తలో, మా ఆవిడ నాలుగు రోజులుగా నడపడం నేర్చుకుంటోంది. నాలుగో రోజు మొదటిసారి తనే గేటులోంచి బయటికి తిప్పుతుంటే ఎడమ తలుపు స్తంభానికి రాసుకుంది. కారు కొన్నందుకు చూడ్డానికొచ్చిన జనం ఉన్నారు. బావమరిది ఉన్నాడు, ఎదురింటావిడ ఉంది, మా ఆవిడ ఆస్పత్రి స్నేహితురాళ్లు ఇద్దరున్నారు. అందరి ముందూ అన్నాను. "నీ చేతులు సూదులకే గానీ స్టీరింగుకి పనికిరావు. దిగు." ఒక్క మాట కాదు. "దిగు"తో కలిపి రెండు. ఆవిడ దిగి, తాళం మేకుకి తగిలించి, లోపలికెళ్లి అందరికీ కాఫీ పెట్టింది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది ఈ పుస్తకంలో కూడా రాయకూడదనుకున్నాను. ఆ గేటులోంచి ఆ పొడుగు కారు ఎవరూ తిప్పలేరు. వీధి ఇరుకు. కొన్న రోజే నాకు తెలిసింది. ముందు చక్రాలు ఎదురింటివాళ్ల ర్యాంపు మీదికి ఎక్కించి, అప్పుడు తిప్పితేనే వెనకభాగం స్తంభానికి తగలదు. నేను రోజూ అలాగే తిప్పుతున్నాను. తమ ర్యాంపు ఎందుకు బీటలిస్తోందో ఎదురింటావిడకి పన్నెండేళ్లుగా అంతుపట్టలేదు. లారీలేమో అని నేనే సానుభూతి చూపిస్తుంటాను.

ఆ కిటుకు మా ఆవిడకి చెప్పలేదు. మర్చిపోయి కాదు. అప్పటికి మూడు రోజుల్లోనే ఆవిడ నా కంటే బాగా నడుపుతోంది.

పైగా ఆ గేటు గీసింది నేనే. ఇంటి ప్లాను ఇప్పుడే తీసి చూశాను. స్కూటర్ల కాలంలో గీశాను. వెడల్పు నా దస్తూరీలోనే ఉంది, ముత్యాల్లాంటి అంకెల్లో.

జూలై 27

బావమరిది తుక్కు కొట్టువాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ మనిషి కారు చుట్టూ తిరిగి, "ఇంజను బాగుంది, విప్పి అమ్ముకోవచ్చు," అన్నాడు. నేను మాట ఇచ్చినవాణ్ణి. తాళం తెచ్చి బల్ల మీద పెట్టాను. తాళం బల్లకి కొట్టుకుని కాసేపు చప్పుడు చేసింది. మాత్రలేసుకున్నాను, అయినా చేసింది.

మా ఆవిడ తాళం తీసుకుంది. "ఇది నేను నడుపుతాను," అంది.

బావమరిది నవ్వాడు. "అక్కా, నువ్వా? ఆ రోజు గేటు దగ్గర..."

"నోర్ముయ్యరా," అంది. ఆస్పత్రి గొంతు. చేతిసంచీలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. లైసెన్సు. పదకొండేళ్ల కిందటిది, ఒకసారి రెన్యూవల్ కూడా అయింది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"ఎక్కడిదేమిటి? డ్రైవింగ్ స్కూల్లో చేరి తెచ్చుకున్నా. ఆఖరి ఆరేళ్లూ ఆస్పత్రి వ్యాను వేసుకుని ఇంటింటికీ వెళ్లి రక్తం తీసొచ్చాను కదా. ఆ వ్యాను ఎవరు నడుపుతున్నారనుకున్నారు?"

"డ్రైవరు ఉన్నాడనుకున్నాను."

"నేనే డ్రైవర్ని. మీరెప్పుడూ అడగలేదు."

తుక్కు కొట్టువాడు "అయితే నేను వస్తానండీ" అన్నాడు. ఆ గదిలో మర్యాద తెలిసినవాడు అతనొక్కడే.

"మరి పందెం?" అని అడిగాను, తర్వాత. "ఇద్దర్లో ఒకరు తప్పితే తుక్కే అన్నావు."

"మీరు మాత్రలు వేసుకుంటారని అన్నాను. పందెం పెడితేనైనా పట్టుదలకి పోతారనుకున్నా. మీరేమో బోల్టులు మింగించారు ఆ డబ్బాకి." తాళం చేతిసంచీలో వేసుకుంది. "అల్లుడుగారు మంచివాడేనండీ. ఆ స్టీరింగు నన్నెప్పుడైనా పట్టుకోనిచ్చారు గనకనా మీరు?"

జూలై 28

పొద్దున్నే ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. నేను అలవాటు లేని చోటు గనక ఎక్కడ ఎక్కాలో తెలియక ఎడమ వెనక తలుపు దగ్గరికెళ్లాను. పిడి పట్టుకుంటే గీత వేళ్ల కిందికి వచ్చింది. పన్నెండేళ్లు ఆవిడ చెయ్యి రోజూ ఆ గీత మీద పడే లోపలికెళ్లిందని అప్పుడు తెలిసింది.

"వెనక్కెందుకు? నేను మీ డ్రైవర్ని కాదు. ముందుకు రండి," అంది.

ఎక్కాను. సీటు సరిచేసుకుంది, అద్దాలు సరిచేసుకుంది. కారు గేటు దాకా తెచ్చి, ముందుభాగం వీధిలోకి పెట్టి, ఆపేసింది. ఇంజను ఆడుతోంది. ఆడుతున్నట్టే లేదు.

"ఇప్పుడు చెప్పండి," అంది.

"ఏం చెప్పను?"

"ఆ రోజు చెప్పనిది."

నోరెండిపోయింది. ఈసారి మాత్రల వల్ల కాదు.

"తిన్నగా వెళ్లి ముందు చక్రాలు ఎదురింటి ర్యాంపు మీదికి ఎక్కించు. అప్పుడు తిప్పు," అన్నాను.

"తెలుసు. పన్నెండేళ్లుగా వెనక సీట్లో కూర్చుని చూస్తూనే ఉన్నా. మీ నోటితో వింటే బాగుంటుందని."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

"మీరెందుకు ఊరుకున్నారో, అందుకే."

స్తంభం వైపు చూస్తూ అన్నాను. ఆవిడ మొహం చూస్తూ అనలేకపోయాను. "ఆ రోజు తప్పు నాది. అందరి ముందూ అలా అనకూడదు. నీ చేతులు... నీ చేతులకేం తక్కువ? నాకంటే బాగా నడుపుతున్నావని భయమేసింది. అందుకే చెప్పలేదు, అందుకే అన్నాను. సిగ్గుగా ఉంది."

ఆవిడ గేరు వేసింది.

"పన్నెండేళ్లు పట్టిందా ఇది రావడానికి? పార్టు దొరకలేదా?" అంది.

చక్రాలు ర్యాంపు ఎక్కాయి, స్టీరింగు తిరిగింది, తలుపు స్తంభానికి జానెడు దూరంలోంచి వెళ్లింది. ఎదురింటావిడ గడపలో నిలబడి అంతా చూస్తోంది. లారీలు ఏవో ఆవిడకి ఇవాళ తెలిసిపోయింది.

చాలా దూరం వెళ్లాం. ఎక్కడికో రాయను, ఎక్కడికీ కాదు గనక.

ఆగస్టు 3

ఎడమవైపు గేటు స్తంభం పడగొట్టే పని ఇవాళ మొదలుపెట్టాను. మేస్త్రీని పిలుస్తానంటే ఆవిడే వద్దంది. "మీరే కట్టించారు, మీరే కొట్టండి. మాత్రలు వేసుకుని కొట్టండి." పడ్డ ఇటుకలు ఎదురింటి ర్యాంపు కింద వేసి సిమెంటు పూసిస్తానని ఒప్పుకున్నాను. ఎదురింటావిడ మొహం ఇంకా మామూలుగా లేదు, న్యాయమే.

తలుపు మీది గీత పాలిష్ చెయ్యనా అని ఆవిడని అడిగాను. "అది నాది. నేను చెప్పినప్పుడు చెయ్యండి," అంది. పాలిష్ డబ్బా ఆవిడ చేతికిచ్చేశాను.

సమ్మెట బరువుగానే ఉంది. ఎత్తితే రెండు చేతులూ వణికాయి. బోల్టుకీ, పెన్సిల్‌కీ, కాఫీ కప్పుకీ గురి కావాలి. దీనికక్కర్లేదు. ఎక్కడ తగిలినా స్తంభమే. మధ్యాహ్నానికి సగం దించాను. ఆవిడ అరుగు మీద కూర్చుని, కాళ్ల మీద పడేసుకుంటారు జాగ్రత్త అంటూ, ఇటుకలు లెక్కపెడుతోంది.